ఎవరి ప్రేమ, ఎవరి ఖర్చు?

గుంటూరు శాస్తుల్లు అనే మనిషి కోసం పోలీసులు గాలింపు మొదలుపెట్టి వందేళ్ళు దాటింది. ఇంతవరకూ దొరకలేదు. దొరకడు కూడా. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లో ఆ పేరు తగిలించుకుని తిరిగినవాడు మన గుంటూరువాడు కానే కాడు. విజయనగరం మహారాజావారి దగ్గర నాటకాల్లో విదూషక వేషం కట్టే కరటకశాస్త్రి. విజయనగరం వైపు వాళ్ళ లెక్కలో గుంటూరంటే, వెళ్ళి ఆరా తీసే ఓపిక ఎవరికీ ఉండనంత దూరం. అందుకే ఆ ఊరి పేరు పెట్టుకున్నాడేమో. మంగళగిరిలో కూర్చుని ఈ నాటకం చదివే మాబోటివాళ్ళకి ఇది కాస్త ముచ్చటగానూ కాస్త ఉక్రోషంగానూ ఉంటుంది. తెలుగు నాటకాలన్నిటికీ పెద్దదిక్కులాంటి నాటకంలో మన జిల్లా వాటా ఒక దొంగపేరు!

ఆ దొంగపేరు వెనకున్నది మాత్రం దొంగబుద్ధి కాదు. చెల్లెలి కూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలోని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మేస్తున్నారని తెలిసి, దాన్ని ఆపడానికి మేనమామ పన్నిన పన్నాగం అది. తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, తన కూతురే అని నమ్మించి, సుబ్బి తండ్రి అగ్నిహోత్రావధాన్లు అడిగినదానికన్నా తక్కువ ధరకే ముసలాయనకు కట్టబెట్టాడు. పెళ్ళి అయింది. రెండ్రోజులు తిరక్కుండా పెళ్ళికూతురు మాయమైంది. పిల్లను చంపేశారని ముసలాయన మీద కేసు పడింది. పిల్లను అమ్మిన గుంటూరు శాస్తుల్లు ఎక్కడని వెతుకులాట మొదలైంది.

ఒక్కసారి ఆలోచించండి. ఏడంకాల నాటకం. మొదటినుంచి చివరిదాకా పెళ్ళి మాటలే. అందులో నిజంగా జరిగే పెళ్ళి ఒక్కటే, అదీ ఒక ముసలాడికీ ఒక కుర్రాడికీ! షేక్‌స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’లో వయోలా మగవేషం వేసుకుంటే ఆ గందరగోళమంతా తిరిగి తిరిగి చివరికి జంటలు కుదరడంతో ముగుస్తుంది. కామెడీ అంటే పెళ్ళితో ముగిసేదని అక్కడివాళ్ళ ఒప్పందం. గురజాడ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. ఆయన కామెడీలో తెర పడేసరికి ఒక్క జంటా కుదరదు. మరి ప్రేమ ఏమైంది? ఉంది, బోలెడంత ఉంది. ఐతే అది ఎక్కడుందో తెలియాలంటే ఎవరు ఏమంటున్నారో వింటే చాలదు. ఎవరి డబ్బు ఎవరికోసం ఖర్చవుతోందో చూడాలి.

వెయ్యిన్నీ ముప్పైనాలుగు

ఈ నాటకం డబ్బు లెక్కతోనే పుట్టింది. విజయనగరం మహారాజా ఆనందగజపతిరాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితా ఒకటి తయారు చేయించారు. గురజాడ ఆ వివరాలు తన ముందుమాటలో ఇచ్చారు. మూడేళ్ళలో లెక్కకు దొరికినవి 1,034 పెళ్ళిళ్ళు. అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది నిండినవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురికీ ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయల దాకా పలికింది. కడుపులో ఉండగానే బేరం కుదుర్చుకున్నవీ ఉన్నాయంటారాయన. డబ్బు పుచ్చుకున్న సంగతి ఎవరూ మనసారా ఒప్పుకోరు కాబట్టి ఇది పూర్తి జాబితా కాదని కూడా ఆయనే చెప్పారు.

ఇంత ఘోరాన్ని చేతిలో పెట్టుకుని కూర్చున్న మనిషి ఏడుపుగొట్టు నాటకం రాయలేదు, నవ్వించే నాటకం రాశాడు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకం అనిపించేంతగా తిరగరాసి పెంచారు. ఇప్పుడు మనం చదివేదీ ఆడేదీ ఆ రెండో కూర్పునే.

మాటల్లో మహారాజు

నాటకం మొత్తంలో ప్రేమ గురించి ఎక్కువ మాట్లాడేది గిరీశం. వితంతు వివాహం, స్త్రీ పునర్వివాహ శాస్త్రాలు, ఇంగ్లీషు కవిత్వం, దేశోద్ధారణ, అన్నీ నోటినిండా ఉంటాయి. చేతికి మాత్రం ఖర్చుండదు. అతను కాల్చే చుట్ట దగ్గర్నుంచి ఏదీ అతని సొంత సొమ్ము కాదు. విజయనగరంలో పూటకూళ్ళమ్మ పెట్టిన తిండి తిని, ఆమె సామాను కొనమని ఇచ్చిన డబ్బు పట్టుకెళ్ళి వేశ్య మధురవాణి ఇంట పోశాడు. అక్కడ గుట్టు బయటపడేసరికి శిష్యుడు వెంకటేశాన్ని వెంటబెట్టుకుని కృష్ణరాయపురం అగ్రహారం చేరాడు. అక్కడ మళ్ళీ అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో తిండి.

అందరూ గిరీశాన్ని చూసి నవ్వుతారు. నేను ఆ మొదటి అంకంలో పూటకూళ్ళమ్మనే చూస్తుంటాను. మధురవాణి ఇంట్లో మంచం కింద అప్పటికే, ఆమెను తర్వాత ఉంచుకోబోయే రామప్పపంతులు దాక్కుని ఉంటాడు. పూటకూళ్ళమ్మ చీపురుకట్ట పట్టుకుని రావడంతో గిరీశం కూడా అదే మంచం కింద దూరతాడు. ఆమె కొట్టిన దెబ్బ గిరీశానికి తగలదు, పంతులు వీపున పడుతుంది. హాలు గొల్లుమంటుంది. ఆ గోలలో ఒక సంగతి మనకు తట్టదు. ఆ చీపురుకట్ట పట్టుకున్న ఆడది వితంతువు. పదిమందికి వండిపెట్టి ఆ రాబడితో బతికేది. ఆ కాలంలో అలాంటి స్త్రీకి ఒక మగవాడి మీద మనసు పడే హక్కు లేదు. మోసపోతే ఎవరితో చెప్పుకునే వీలూ లేదు. ఏ ధర్మాసనం ముందుకు వెళ్ళి ఫలానావాడు నన్ను వాడుకున్నాడని చెబుతుంది? అందుకే ఆమె ఫిర్యాదు చీపురుకట్ట రూపంలో వచ్చింది. గిరీశం మీద నాటకంలో ఎవరికైనా అసలైన మోహం ఉందంటే అది ఆమెకే ఉందని నా అనుమానం. డబ్బు పోయినందుకే అయితే అంత ఆవేశం రాదు.

లుబ్ధావధాన్లు కూడా తనకు కావలసింది ప్రేమే అనుకుంటాడు. పాపం, పిసినారి ముసలాడి పెళ్ళికోరిక ప్రపంచమంతటా నవ్వులపాలే. ఫ్రాన్సులో మోలియేర్ 1668లోనే ‘పిసినారి’ నాటకంలో ఆర్పగోన్‌ని ఇలాగే ఏడిపించాడు. ముసలాయన సంబంధం మార్చుకున్నది పిల్ల నచ్చి కాదు, ధర తగ్గిందని. అంతకన్నా అతని గురించి చెప్పేదేం లేదు.

రామప్పపంతులు గురించి అసలే లేదు. ఇంట్లో మధురవాణిని పెట్టుకుని, పక్కన లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షికి పెళ్ళాడతానని ఆశ పెడుతూ బతికే మనిషి. మీనాక్షీ వితంతువే. ఈ నాటకంలో వితంతువులందరికీ ఎవరో ఒకరు పెళ్ళి మాట ఇస్తుంటారు. ఆ మాట ఎప్పుడూ నోటిదాకానే.

పసుపు కుంకుమ భూమి

ఇక వెంకమ్మ. అగ్నిహోత్రావధాన్లు భార్య. బుచ్చమ్మ, వెంకటేశం, సుబ్బిల తల్లి. ‘కన్యాశుల్కం’ అనగానే ఎవరికీ గుర్తురాని పాత్ర.

పెద్దకూతురు బుచ్చమ్మను ఇలాగే ముసలివాడికి అమ్మారు. అతను పోయాడు, పిల్ల పసితనంలోనే వితంతువై ఇంట్లో కూర్చుంది. ఇప్పుడు రెండోదానికి లుబ్ధావధాన్లు సంబంధం ఖాయం చేసి వచ్చాడు అవధాన్లు, 1,800 రూపాయలకి. కొడుకు ఇంగ్లీషు చదువుకి డబ్బెక్కడినుంచి వస్తుందని అడుగుతాడు. ఇది వట్టి సాకు కాదు. ఆ ఇంట్లో చదువు ఖర్చు నిజంగానే ఉంది. ఆయన కోపిష్ఠి, మూర్ఖుడు, ఇంగ్లీషు చదువంటే మంట. అయినా కొడుకు ఆ చదువు చదవాలి. కూతుర్ని అమ్మి కొడుకును చదివించే తండ్రికి ప్రేమ లేదనలేం. ఉంది, కొడుకు మీద ఉంది. బిల్లు మాత్రం కూతురి పేర రాశాడు.

వెంకమ్మ దానికి ఇచ్చే జవాబు ఈ నాటకంలోకెల్లా గొప్ప సంగతుల్లో ఒకటి. పుట్టింటివాళ్ళు తనకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి ఉంది కదా, అది అమ్మి వాడికి చదువు చెప్పించండి అంటుంది. రామాయణం చెప్పదు, శాస్త్రం ఎత్తదు. తన పేర ఉన్న ఒకే ఒక్క ఆస్తిని తీసి ముందు పెడుతుంది. కొడుకు చదువూ ఆగకూడదు, కూతురి గొంతూ కొయ్యకూడదు, నష్టమేదో నాకు రానివ్వండి అన్నది ఆమె బేరం. మొగుడు వినడు. అప్పుడామె నూతిలో పడుతుంది. పైకి తీస్తారు, బతుకుతుంది. నవ్వుల నాటకంలో ఒక తల్లి నూతిలో పడిందన్న సంగతి మనం ఎంత తేలిగ్గా దాటేస్తామో! అసలు గుంటూరు శాస్తుల్లు పుట్టిందే అక్కడ. చెల్లెలు నూతిలో పడేదాకా వస్తే అన్నగారు వేషం కట్టాడు.

పసుపు కుంకుమ భూమి అనే మాట మంగళగిరి చుట్టుపక్కల ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. మా నిడమర్రు, కురగల్లు పొలాల్లో ఆడపిల్లల పేర రాసిన ఎకరాలూ అరెకరాలూ ఇప్పటికీ ఆ పేరుతోనే నడుస్తాయి. 2015లో రాజధాని కోసం భూసమీకరణ వచ్చాక అటువంటి చెక్కలు కొన్ని ప్లాట్లుగా మారాయి. పేరు మాత్రం మారలేదు. పెళ్ళిళ్ళ సీజన్లో ఇక్కడి చీరల కొట్లో ఓ మూల కూర్చుంటే చాలు, గురజాడ రాసిన జమాఖర్చులు తలకిందులుగా వినిపిస్తాయి. చిలకలూరిపేట వైపు నుంచి వచ్చిన ఓ పెద్దావిడ జరీ అంచుల్ని వేళ్ళతో రాసి చూస్తూ కొట్టాయనతో అంటోంది:

“అబ్బాయివాళ్ళు నోరు తెరిచి రూపాయి అడగలేదయ్యా. చాలా మంచివాళ్ళు. అట్టాగని మనం ఊరుకుంటామా? ఒక్కతే పిల్ల. ఎకరం పసుపు కుంకుమ కింద రాశాం. మిగతాది మా తృప్తికి.”

“ఆడపడుచులు ఎంతమందమ్మా?”

“ముగ్గురు.”

“అయితే జరీ ఎక్కువున్నవి మూడు విడిగా తీస్తానుండండి.”

అడగలేదుగానీ పెట్టాలి. పెట్టేది ప్రేమతోనే. ఆ ప్రేమకు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒక విలువ, బ్యాంకు లాకర్లో ఒక విలువ, ఆడపడుచుల లాంఛనాల్లో ఒక విలువ. ఒకప్పుడు పిల్ల తండ్రికి డబ్బిచ్చేవాళ్ళు. చాలా కులాల్లో దాన్ని ఓలి అనేవాళ్ళు. బ్రాహ్మణ అగ్రహారాల్లో అది పసిపిల్లల అమ్మకంగా దిగజారింది. తర్వాత డబ్బు నడిచే దిక్కు మారింది. ఆ మార్పు మీద కాళ్ళకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ రాయవలసి వచ్చింది. 1961లో వరకట్న నిషేధ చట్టం కూడా వచ్చింది. ఇన్ని వచ్చినా, పెళ్ళిలో డబ్బు చేతులు మారకూడదన్న ఇల్లు మా చుట్టుపక్కల కనిపిస్తే వీధంతా ఆ ఇంటిగురించే చెప్పుకుంటుంది. మెచ్చుకోలుగానే చెప్పుకుంటారులెండి, కొంచెం అనుమానంగా కూడా.

బుచ్చమ్మ ఎందుకు వెళ్ళింది?

గిరీశం వలలో బుచ్చమ్మ పడిందని చెప్పుకోవడం మనకు అలవాటు. ఆమె అమాయకురాలు, నిజమే. ఇంట్లోవాళ్ళు తప్ప వేరే మగవాడు తనతో గౌరవంగా నాలుగు మాటలు మాట్లాడటం ఆమె ఎరగదు. గిరీశం మాటలు ఆమెకు తీయగా ఉన్నాయనడంలో సందేహం లేదు. ఐతే ఆమె అతని దగ్గరికి తీసుకెళ్ళిన కోరిక ఏమిటో చూడండి. చెల్లెలి పెళ్ళి తప్పించమని. తనకేం కావాలో కాదు. గిరీశం ఆ కోరికను పట్టుకున్నాడు. నువ్వు నాతో వస్తే ఆ పెళ్ళి తప్పుతుందన్న దారి చూపించాడు. ఆమె బండెక్కింది.

పరువు, పుట్టిల్లు, అన్నీ చెల్లెలి ఖాతాలో రాసి వెళ్ళింది బుచ్చమ్మ. దాన్ని లేచిపోవడం అన్నారు.

గిరీశానికి ఆమె మీద ప్రేమ ఉందా అన్నది నూరేళ్ళ తగువు. ఉందనేవాళ్ళు ఉన్నారు. మనిషి ఎంత గడుసువాడైనా బుచ్చమ్మ ముందు అతని గొంతు ఒకటి రెండుచోట్ల మెత్తబడుతుంది, కాదనను. అందం, అమాయకత్వం, వెనకాల వచ్చే ఆస్తి, సంస్కర్తనన్న పేరు ఇవన్నీ కలిసి ఒకే మనిషిలో కనిపిస్తే ప్రేమ పుట్టడం వింతేం కాదు. ప్రేమ లేదని కాదు గిరీశం మీద నా నేరారోపణ. ఆ ప్రేమకు అతను దమ్మిడీ ఖర్చు పెట్టలేదని.

చివరికి వకీలు సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. చదువుకోమంటాడు. ప్రేక్షకుడికి ఇది చప్పగా ఉంటుంది, ప్రేమకథకు ఇదా ముగింపని. ఆ రోజుల్లో అదెంత పెద్ద సంగతో ఇప్పుడు ఊహించలేం. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపింది 1881లో. పెళ్ళి చెయ్యడం ఒక మెట్టు. పెళ్ళి సంగతి తర్వాత, ముందు చదువుకో, నీ కాళ్ళమీద నిలబడు, ఆనక నీ ఇష్టం అనడం దానికన్నా పై మెట్టు. గురజాడ బుచ్చమ్మను ఆ పై మెట్టు మీదికి చేర్చి దిగిపోయాడు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరులో శారదానికేతనం పెట్టి ఆడపిల్లలకు చదువు చెప్పించడం మొదలుపెట్టారు. బుచ్చమ్మ ఇంకొన్నాళ్ళు ఆగి పుట్టి ఉంటే పూనా దాకా పోయే పనే లేకపోను. దొంగ గుంటూరు శాస్తుల్లి మేనకోడలు అసలు గుంటూరులోనే చదువుకునేది!

ఒక ముద్దు ధర

మధురవాణి దగ్గరికి వద్దాం. ఆమె వేశ్య. ఆమె దగ్గర ప్రేమకు ధర ఉంటుందని అందరికీ తెలుసు, ఆమే దాచుకోదు. గిరీశం డబ్బు అయిపోయాక అతన్ని వదిలి రామప్పపంతులు పంచకు చేరింది. వృత్తిలో నిజాయితీ అంటే అదేనని ఆమె లెక్క. ఈ నాటకంలో మిగతావాళ్ళు ధర చెప్పి ప్రేమ అంటారు. ఆమె ధరను ధర అనే అంటుంది.

కరటకశాస్త్రి పన్నాగంలో ఆమె చేరుతుంది. ఆమెకు వచ్చేదేమీ లేదు. పైగా పోయేది ఉంది. దొంగపెళ్ళికూతురి మెడలో పెట్టడానికి ఆమె కంటె ఎరువుగా వెళ్ళింది. పెళ్ళికూతురు మాయమైంది, దాంతోపాటు కంటె కూడా మాయమైంది. అప్పటినుంచి రామప్పపంతులికి నిద్ర లేదు. కంటె తెచ్చి గుమ్మంలో అడుగుపెట్టమంటుంది మధురవాణి. పిల్ల మాయమైందని ఊరంతా గోలపెడుతుంటే పంతులు గోల కంటె గోల. ఆ ఒక్క నగ చుట్టూ గురజాడ ఎంత హాస్యం అల్లాడో చదివితేనే తెలుస్తుంది. ఆ నవ్వుల్లో పడి, ఆ కంటె ఎందుకోసం బయటికొచ్చిందో మరిచిపోతాం. సుబ్బి అనే పిల్లకోసం. ఆ సుబ్బిని మధురవాణి కంటితో చూడనే లేదు.

ఇక విశాఖపట్నం. సౌజన్యారావు వకీలు, మంచివాడు, వేశ్యల మొహం చూడనని నియమం పెట్టుకున్నవాడు. లుబ్ధావధాన్లు మీద పడిన హత్యానేరం అబద్ధమని అతనికి తెలుసు, సాక్ష్యం లేదు. గుంటూరు శాస్తుల్లు ఎవరో తేలితే కేసు కొట్టేస్తారు. రాత్రిపూట ఎవరో కుర్రవాడు అతని దగ్గరికి వచ్చి, ఆ గుట్టు తెలిసిన మధురవాణి అనే వేశ్య ఉందని, ఆమె చెబుతుందని, ఊరికే మాత్రం చెప్పదని అంటాడు. ఏం కావాలట? డబ్బు కాదు. ఆయన ఆమెను ఉంచుకోవాలి. సౌజన్యారావు మండిపడతాడు. పోనీ పెళ్ళాడతారా? అదీ కుదరదు. బేరం దిగుతూ దిగుతూ ఒక ముద్దు దగ్గర ఆగుతుంది. ఒక నిర్దోషిని ఉరినుంచి తప్పించడానికి ఒక్క ముద్దు. ఆయన నలిగిపోయి చివరికి ఒప్పుకుంటాడు. అప్పుడా కుర్రవాడు తలపాగా తీస్తాడు, మధురవాణి.

ఆయన మాట తప్పే మనిషి కాదు, ముందుకొస్తాడు. ఆమె వద్దంటుంది. చెడనివాళ్ళను చెడగొట్టవద్దని తల్లి చెప్పిన మాట ఒకటి ఆమెకు ఉంది. నిజం మాత్రం ఊరికే చెప్పేస్తుంది.

మొత్తం నాటకంలో తనకు న్యాయంగా రావలసిన బాకీ చేతిదాకా వచ్చాక వదులుకున్న మనిషి ఆమె ఒక్కతే. మంగళగిరి నేతచీర చూసినవాళ్ళకి తెలుసు, ఒళ్ళంతా సాదాగా ఉంటుంది, జరీ అంతా అంచునే. గురజాడ పనితనం అలాంటిదే. నాటకం నడుమంతా బేరాలూ తగువులూ చీపురుకట్టలూ నింపి, ప్రేమను చివరి అంచున ఒక్క గీతగా నేశాడు. అదీ జరగని ముద్దులో.

సౌజన్యారావు ఆమెకు భగవద్గీత ఇచ్చి పంపుతాడు. ఇక్కడ నాకో చిన్న పేచీ ఉంది. ఆయన మంచితనాన్ని నేను శంకించను. కానీ వేశ్యావృత్తిని అసహ్యించుకునే ఆయన దీక్ష, ఎదురుగా నిలబడ్డ మనిషి కంటే పెద్దదిగా ఆయనకు కనబడినంతసేపు, ఆమె ఆయన కన్నా ఒక జానెడు ఎత్తులోనే ఉంది. గురజాడకు ఈ సంగతి తెలుసు. తెలిసే రాశాడు. సంస్కర్తను సంస్కరించే పని నాటకంలో ఆఖరికి ఒక వేశ్యకు అప్పజెప్పాడు. గిరీశం బండారం బయటపెట్టిందీ ఆమె నోటి మాటే. దాంతో ఆ మహానుభావుడు ఖాళీ చేతులతో మిగులుతాడు. ఆ సందర్భంలో అతనన్న ఆఖరి మాట నాటకం చదవనివాళ్ళకు కూడా నోటికొచ్చు, మళ్ళీ ఇక్కడ ఎందుకు.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తిరునాళ్ళ రాత్రులు ఆడింది ‘కన్యాశుల్కం’ కంటే ‘చింతామణి’ ఎక్కువ. అదీ కాళ్ళకూరి నారాయణరావు రాసిందే, అదీ వేశ్య కథే. హార్మోనియం, పద్యాలు, తెల్లవార్లూ సుబ్బిశెట్టి వేషానికి ఈలలు. ఆడగా ఆడగా అసలు నాటకం పక్కకు పోయి బూతు మిగిలింది. ఒక కులాన్ని కించపరుస్తోందన్న ఫిర్యాదుల మీద 2022 జనవరిలో ప్రభుత్వం ప్రదర్శనలు నిషేధించింది. చింతామణి చివరికి భక్తిలోకి వెళుతుంది. మధురవాణి ఎక్కడికీ వెళ్ళదు, తన తెలివితో తానుగా మిగులుతుంది. అందుకే తిరునాళ్ళలో ఆమెకు గిరాకీ తక్కువేమో.

మనవాళ్ళు కట్టిన వేషాలు

దొంగపేరుతో సరిపెట్టారని మొదట్లో ఉక్రోషపడ్డాను గానీ ఈ నాటకానికి మన ప్రాంతం బాకీ ఉంచలేదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు స్త్రీ వేషాలకు పెట్టింది పేరు. సత్యభామ, చింతామణి, రోషనార వేషాలతోపాటు మధురవాణి వేషమూ కట్టారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఒక్కసారి ఆ ఘట్టం ఊహించుకోండి. మగవాడు ఆడవేషం కట్టి మధురవాణి అయ్యాడు. ఆ మధురవాణి మళ్ళీ మగవేషం కట్టి సౌజన్యారావు దగ్గరికి వెళ్ళాలి. తలపాగా తీసినప్పుడు ప్రేక్షకుడికి ఆడదే కనిపించాలి. ఆ ఒక్క క్షణం కోసం నటుడు ఎంత సాధన చేసి ఉండాలి! చూపు, మెడ వంపు, తలపాగా విప్పే వేళ్ళు, అన్నీ మారాలి. మగవాళ్ళే స్త్రీ పాత్రలు వేసిన షేక్‌స్పియర్ రంగస్థలం మీద వయోలా వేసిన కుర్రాడి కష్టమూ ఇదే.

మంగళగిరిలో బస్సెక్కితే గంటలోపే తెనాలి. ఆ తెనాలి రంగస్థలం మీద పేరు తెచ్చుకున్న గోవిందరాజుల సుబ్బారావు 1955లో పి. పుల్లయ్య తీసిన ‘కన్యాశుల్కం’ సినిమాలో లుబ్ధావధాన్లు. అందులో ఎన్టీ రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. సావిత్రి కళ్ళను చెప్పుకున్నంతగా సుబ్బారావు ముసలి పిసినారితనాన్ని ఎవరూ చెప్పుకోరు. మళ్ళీ చూడండి, డబ్బు మాట వచ్చినప్పుడల్లా ఆయన గొంతు ఎలా చితుకుతుందో.

ఉత్తరాంధ్రలో జె.వి. సోమయాజులు, ఆయన తమ్ముడు రమణమూర్తి ఈ నాటకాన్ని ఏళ్ళ తరబడి ఊరూరా ఆడారు. పూర్తి నాటకం చాలా పొడుగు. అందుకని ఆడేవాళ్ళందరూ ఎక్కడో ఒకచోట కత్తెర వెయ్యక తప్పదు. ఇప్పుడు మనవైపు పరిషత్తు పోటీల్లో గంటా గంటన్నరకు కుదించినవి వస్తుంటాయి. నేను చూసిన కుదింపుల్లో ఒక పద్ధతి కనిపిస్తుంది. గిరీశం ఉపన్యాసాలు ఉంటాయి, చీపురుకట్ట ఉంటుంది, కంటె గోల ఉంటుంది. వెంకమ్మ ఉండదు. ఉన్నా వచ్చి రెండు ముక్కలు ఏడ్చి లోపలికి పోతుంది. నూతిలో పడిందన్న సంగతి ఎవరో పరిగెత్తుకొచ్చి చెబుతారు, అంతే. పసుపు కుంకుమ భూమి మాట అసలే ఉండదు. ఆ మాట తీసేస్తే కరటకశాస్త్రి వేషానికి కారణం పోతుంది, మధురవాణి కంటె ఇచ్చినదానికి అర్థం పోతుంది, బుచ్చమ్మ బండెక్కినది వట్టి లేచిపోవడమే అవుతుంది.

ఈసారి పోటీకి ‘కన్యాశుల్కం’ ఎత్తుకునే సమాజాలకు ఒక మనవి. గిరీశానికి చప్పట్లు ఎలాగూ పడతాయి, అతని కోసం ఎవరూ కష్టపడక్కర్లేదు. అతని ఉపన్యాసాల్లో ఒకటి తీసి ఆ అయిదు నిమిషాలు వెంకమ్మకు ఇవ్వండి. వేషం మాత్రం కొత్తగా చేరిన అమ్మాయికి ఇవ్వకండి. సంసారం ఈదిన మనిషికి, పొలం కాగితాల మీద వేలిముద్రో సంతకమో పెట్టిన అనుభవం ఉన్నావిడకి ఇవ్వండి.